ఆరో వచనం దగ్గర ఆగిపోయిన ధ్యానం గురించి

ప్రభువునందు ప్రియ సహోదరునికి వందనాలు.

బైబిలు వచనాల మీద మీరు రాసి పంపిన ముప్పయి ధ్యాన వ్యాసాలూ చదివాను. భాష శుభ్రంగా ఉంది. బైబిలులోని 137వ కీర్తన మీద రాసినది మాత్రం నాకు కోపం తెప్పించింది, ఈ ఉత్తరం అందుకే రాస్తున్నాను. బబులోను నదుల ఒడ్డున కూర్చుని ఏడ్చినవారి గురించీ, నిరవంజి చెట్లకు తగిలించిన సితారాల గురించీ ఎంతో ఆర్ద్రంగా రాసి, ఆరో వచనం దగ్గర కలం మూసేశారు. ఆ కీర్తనకు తొమ్మిది వచనాలున్నాయి. శత్రువుల పసిపిల్లలను బండకేసి కొట్టేవాడు ధన్యుడని పలికిన నోరు, అంతకుముందు యెరూషలేమును తలచుకొని ఏడ్చిన నోరే. ఆ ఏడుపును తీసుకొని ఈ పగను వదిలేస్తే మీ దగ్గర మిగిలేది సగం మనిషి. ఈ పని చేసినవారిలో మీరు మొదటివారు కారు లెండి. ఇంగ్లండు సంఘం ఆరాధనలో వాడే ప్రార్థన పుస్తకాన్ని సవరించి తయారుచేసి, 1928లో పార్లమెంటు తోసిపుచ్చిన ప్రతి కూడా ఇటువంటి వచనాలను కుండలీకరణాల్లో పెట్టి, వదిలేయడానికి వీలు కల్పించింది.

ఆంగ్లికన్, అంటే ఇంగ్లండు సంఘపు సంప్రదాయంలో ధ్యానాలు రాస్తున్నానని మీరు ముందుమాటలో చెప్పుకొన్నారు. ఆ సంప్రదాయం పాఠకుడి మీద పెట్టే మొదటి షరతు, పాఠాన్ని తాను ఎంచుకోకూడదన్నది. 1549లో వచ్చిన మొదటి ఆంగ్ల ప్రార్థన పుస్తకం పీఠికలో, దాన్ని కూర్చిన ఆర్చిబిషప్ క్రాన్మర్ చేసిన ఫిర్యాదు ఒకటుంది: క్రిస్మస్‌కు ముందొచ్చే ఆగమన కాలంలో యెషయా గ్రంథాన్ని మొదలుపెడతారు, ఈస్టరుకు ముందొచ్చే తపస్సు కాలం ఇంకా రాకముందే ఆదికాండాన్ని మొదలుపెడతారు, దేన్నీ చివరిదాకా చదవరు. ఆ జబ్బుకు మందుగానే ఆయన ఉదయ సాయంకాల పాఠాలకు పట్టిక వేసి, నూట యాభై కీర్తనలనూ నెల రోజులకు, రోజుకు రెండు పూటల చొప్పున పంచాడు. ఆ పంపకంలో 137వ కీర్తన ఇరవై ఎనిమిదో తేదీ సాయంకాలం వస్తుంది, ఒంటరిగా కాదు. దానికి ముందు 136వ కీర్తన ఉంటుంది, అందులో ఆయన కృప నిరంతరముండునన్న పల్లవి ఇరవై ఆరుసార్లు వస్తుంది. ఇరవై ఆరుసార్లు ఆ మాట పలికిన నాలుకతోనే, ఊపిరి తీసుకొనే వ్యవధి అయినా లేకుండా, మీరు బండ దగ్గరికి రావాలి. మీరు రాయవలసిన ధ్యానం ఆ రెండింటి మధ్య ఉంది. వచనాన్ని విడిగా కోసి తెచ్చుకున్నారు గనుక అది మీ కంట పడలేదు.

ఈ కోతను నేర్పింది మా తరం సంపాదకులేనని నాకు తెలుసు. పైన ఒక వాగ్దాన వచనం, కింద ఒక పిట్టకథ, చివర నాలుగు పంక్తుల ప్రార్థన అన్న మూసను వాళ్లు పోశారు, పాఠకులూ అలవాటు పడ్డారు. ఆ మూసలో నేనూ చాలా ఏళ్లు రాశాను. మా నాన్నగారిని సమాధి చేసి ఇంటికొచ్చిన సాయంకాలం ముప్పయ్యో తేదీ. ఆ పూటకు నియమించినవి 147 నుంచి 150 వరకు కీర్తనలు. తంబురతో, నాట్యంతో, మ్రోగు తాళాలతో స్తుతించమని అడుగుతున్న పుస్తకాన్ని గోడకేసి కొట్టాలనిపించింది. అయినా చదివాను, ఎందుకంటే ఆ పూట నా ఇష్టంతో నిమిత్తం లేకుండా ఎందరో ఆ మాటలే చదువుతుంటారు, వారి మధ్య నా గొంతు పెగలకపోయినా ఫరవాలేదనిపించింది. ఆ కోపాన్ని కోపంగానే రాసి పంపితే, సంపాదకుడు చివర నాకు తెలియకుండా ఒక ఓదార్పు వాక్యం చేర్చి అచ్చువేశాడు. ఆ వాక్యాన్ని మెచ్చుకుంటూ ఉత్తరాలొచ్చాయి! ఇప్పటికీ నేను ఆయనను పూర్తిగా క్షమించలేదు.

ఆగమన కాలపు రెండవ ఆదివారానికి క్రాన్మర్ రాసిన చిన్న ప్రార్థన మీకు తెలిసే ఉంటుంది. లేఖనాలను వినాలి, చదవాలి, గమనించాలి, నేర్చుకోవాలి, లోపల జీర్ణం చేసుకోవాలి అంటుంది. అయిదు క్రియలున్నాయి, వాటిలో రాయడం లేదు. మీరు మాత్రం చదవగానే రాయడానికి కూర్చుంటున్నారని మీ ధ్యానాలే చెబుతున్నాయి. ఉదయం చదివిన పాఠాన్ని సాయంకాలం దాకా మోయండి, పనిలో ఉండగా ఏ మాట ముల్లులా గుచ్చుకుంటుందో చూడండి, ఏదీ గుచ్చుకోకపోతే ఆ రోజు రాయకండి.

పందొమ్మిదో ధ్యానంలో మీరు ఒక వాక్యం కొట్టేశారు. సిరా కింద ఇంకా కనబడుతోంది. ఈ ఉదయం నాకేమీ అర్థం కాలేదు, అయినా చదివాను అని ఉంది. దాన్ని వెంటనే తిరిగి పెట్టండి. ముప్పయిలోనూ నన్ను ఆపి, కళ్లద్దాలు తీసి కాసేపు కూర్చోబెట్టిన వాక్యం అదొక్కటే.

ఎవరు ప్రచురిస్తారని అడిగారు, నిడివి ఎంత ఉండాలనీ అడిగారు. ఆ సంగతులు తర్వాత. ఇరవై ఎనిమిదో తేదీ సాయంకాలం 136 నుంచి 138 వరకు బిగ్గరగా, వరుసగా చదివి, రెండు రోజులు ఆగి, ఆ మూడు వచనాలతో సహా మళ్లీ రాసి పంపండి. ఓదార్పు వాక్యం చేర్చకండి.

ప్రభువు సేవలో,
మీ శ్రేయోభిలాషి