పాప బొమ్మలు చించేస్తోంది, ఏం చెయ్యాలి మాస్టారూ?

ప్రశ్న: నమస్తే మాస్టారూ. మాది గుంటూరు, బ్రాడీపేట. మా పాపకి పదకొండేళ్లు, ఆరో క్లాసు. నాలుగేళ్లప్పట్నుంచి గోడల మీద, కరెంటు బిల్లుల వెనకాల, ఎక్కడ ఖాళీ కనపడితే అక్కడ బొమ్మలేసేది, స్కూల్లో ప్రైజులు కూడా వచ్చాయి. ఇప్పుడు ఏదో ఒకటి మొదలెట్టడం, కాయితం చిరిగేదాకా రబ్బరుతో చెరపడం, నాకు రావట్లేదని చించెయ్యడం. లేదంటే ఫోన్లో చూసి జపాన్ కార్టూన్లు దించడం. వాళ్ల నాన్నేమో పోన్లే, ఇకనన్నా చదువు మీద పడుద్ది అంటున్నారు. టాలెంట్ పోయిందా? క్లాసులో చేర్పించమంటారా?

జవాబు: ఏం పోలేదమ్మా. పాప చూపు పెరిగింది, చెయ్యి ఇంకా అక్కడిదాకా రాలేదు, అంతే. పాత బొమ్మలు దాచి ఉంటే ఒకసారి వరసగా పెట్టి చూడండి. నాలుగేళ్లప్పటి వాటిలో తలకాయలోంచే కాళ్లు వచ్చేసి ఉంటాయి, పొట్ట ఉండదు. ఏడెనిమిదేళ్లకి కింద ఒక గీత, దాని మీద ఇల్లు, చెట్టు, మూలన సూర్యుడు, గోడలోంచి ఫ్యాను కూడా కనపడిపోద్ది, అమ్మేమో ఇంటికన్నా పొడుగు. అప్పుడు పిల్లలు తమకి తెలిసింది వేస్తారు, ఎదురుగా ఉన్నదాంతో పోల్చుకోరు, అందుకే తప్పొచ్చిందన్న బాధే ఉండదు. విక్టర్ లోవెన్‌ఫెల్డ్ అని ఆస్ట్రియాలో పుట్టి అమెరికాలో పాఠాలు చెప్పినాయన 1947లోనే పిల్లల బొమ్మల్ని ఇలా దశలుగా విడదీసి రాశాడు, ఉన్నది ఉన్నట్టు వెయ్యాలనే తపన తొమ్మిదికీ పన్నెండుకీ మధ్య మొదలవుద్దని (పిల్లని బట్టి కొంచెం అటూ ఇటూ అవుద్ది లెండి). దూరంగా ఉన్నది చిన్నగా ఉండాలి, ముందున్న మనిషి వెనకున్న సైకిల్ని కప్పెయ్యాలి, ఇవన్నీ పాపకి ఇప్పుడు కనపడుతున్నాయి, ఎలా వెయ్యాలో తెలీట్లేదు, ఆ ఉక్రోషమే కాయితాల మీద చూపిస్తోంది. చాలామంది ఇక్కడే ఆపేస్తారు. అందుకే నలభై ఐదేళ్ల బ్యాంకు మేనేజర్ని మనిషి బొమ్మ వెయ్యమంటే ఐదో క్లాసు పిల్లాడి బొమ్మే వేస్తాడు. నవ్వకండి, మీరూ ఒకటి వేసి చూడండి.

ముందు రబ్బరు దాచేసి బాల్ పెన్ ఇవ్వండి. ఇంట్లో వస్తువుల్ని ఎదురుగా పెట్టుకుని వెయ్యమనండి, చెప్పుల జత, కుక్కరు, ప్లాస్టిక్ కుర్చీ. కుర్చీ అయితే దాని కాళ్ల మధ్య ఖాళీ ఏ ఆకారంలో ఉందో ముందు అది గియ్యమనండి, కుర్చీ అంటే ఇలా ఉంటుందని బుర్రలో ఉన్న బొమ్మ అడ్డు రాకుండా ఉంటుంది. 'సూపరమ్మా' అని ఊరికే అనొద్దు, ఆ వయసు పిల్లలకి ఉత్తి పొగడ్త తెలిసిపోద్ది, 'చెప్పు పట్టీ దగ్గర మడత బాగా పట్టావే' అంటే నమ్ముద్ది. కార్టూన్లు దించుకోనివ్వండి, దించకుండా నేర్చుకున్నవాళ్లు ఎవరున్నారు గనక! కాకపోతే ఆ కార్టూన్ పిల్లని మీ వీధి చివర బజ్జీల బండి దగ్గర నిలబెట్టమనండి. బండి ఫోన్లో దొరకదు, వెళ్లి చూడాల్సిందే.

క్లాసు సంగతా, డబ్బు కట్టేముందు ఒక గంట వెళ్లి కూచోండి. మాస్టారు బోర్డు మీద కొబ్బరిచెట్టు వేస్తే పిల్లలందరూ అదే చెట్టు దించుతుంటే లేచి వచ్చెయ్యండి. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీలో కూల్డ్రే దొరది ప్రిన్సిపాల్ ఉద్యోగం, అయినా తర్వాత పేరున్న చిత్రకారులైన దామెర్ల రామారావు, అడివి బాపిరాజు లాంటి కుర్రాళ్లలో ఉన్నదేంటో కనిపెట్టి వెంటపడి ప్రోత్సహించాడు, దామెర్ల (1897–1925) బొంబాయి జేజే ఆర్ట్ స్కూల్‌కి వెళ్లడం వెనక ఉన్నది ఆయనే. అలా పిల్లని చూసే మాస్టారు దొరికితే చాలు. సర్కారు పెట్టే డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలకి ఇంకా బోల్డంత టైముంది. ఈలోపు ఒక ఆదివారం ఉండవల్లి గుహల్లో పడుకున్న అనంతపద్మనాభస్వామి విగ్రహం దగ్గరికి తీసుకెళ్లండి, అంత కదలని మోడల్ ఇంకెక్కడా దొరకడు. వాళ్ల నాన్నగారిని కూడా రమ్మనండి.

ప్రశ్న: విజయవాడ. వయసు 27. ఇంటర్ ఎంపీసీ హాస్టల్లో పడ్డాక బొమ్మలు ఆగిపోయాయి. ఇప్పుడు ఉద్యోగం చేస్తూ మళ్లీ మొదలెట్టాను గానీ పదో క్లాసులో వేసినవే నయంగా ఉన్నాయి. లేటయిపోయిందా మాస్టారూ?

జవాబు: పై ఉత్తరంలో పాప బాధే నీదీ, కాకపోతే నీకు ఇంకా ఎక్కువ. పదేళ్లుగా సినిమాలు, ఇన్‌స్టాలో పెద్ద పెద్ద ఆర్టిస్టుల పనులు చూస్తూ కన్ను ఎక్కడికో వెళ్లిపోయింది, చెయ్యేమో హాస్టల్ గేటు దగ్గరే ఆగిపోయింది. నెహ్రూ బస్టాండ్‌కి పో, బస్సు కోసం చూసేవాళ్లు కూచుని, నిద్రపోతూ, మూటల మీద వాలి ఉంటారు, ఒక్కొక్కరికీ రెండు నిమిషాలే ఇవ్వు, ఎవరన్నా లేచి వెళ్లిపోతే సగంలో వదిలేసి పక్కాయన్ని పట్టుకో. ముఖాల జోలికి ఇప్పుడే పోకు, వీపు, భుజం, వంగిన మెడ చాలు. కొన్నాళ్లు ఎక్కడా పోస్ట్ చెయ్యకు, లైకులు వచ్చినవే మళ్లీ మళ్లీ వేస్తూ కూచుంటావు.

ప్రశ్న: నేనేం వేసినా బాపు బొమ్మలా ఉందంటారు. నాకంటూ స్టైల్ ఎప్పుడొస్తుంది? – తెనాలి నుంచి

జవాబు: బాపు గారి గీత దించని తెలుగు ఆర్టిస్టు చాలా తక్కువలే, సిగ్గుపడకు. కళ్లు, జడ దించావు సరే, ఆయన ఎక్కడెక్కడ గీత వెయ్యకుండా వదిలేశారో చూశావా? ఇప్పుడు మీ పక్కింటావిడ్ని కూచోబెట్టి వెయ్యి. ఆవిడ లావుపాటి మోచెయ్యి దగ్గర బాపు గీత పనికిరాదు, నువ్వే ఏదో ఒకటి చేసుకోవాలి. అలాంటివి కొన్ని పోగయ్యాక పంపు. ఫోన్లో ఫొటో తీసి పంపితే గీత మందం తెలీదు, జిరాక్స్ తీసి పంపు.