ఆ బాతు నిద్రపోతోందంతే

చిట్టితల్లీ,

ఆదివారం సరస్సు దగ్గరికి పక్షుల్ని చూడ్డానికి వెళ్తున్నావని మీ అమ్మ చెప్పింది. భలే సంతోషమేసింది. సగం గడ్డకట్టిందని కూడా చెప్పేసరికి గుండె గుభేల్‌మంది. ఫోన్‌లో అయితే "సరే మావయ్యా" అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నా.

బట్టలు పొరలుగా వేసుకో. ఇంకో జత సాక్సులు సంచిలో పెట్టు. చలికి బ్యాటరీ తొందరగా దిగిపోతుంది, ఫోన్ లోపలి జేబులో ఉంచు. ఇంటికి రాగానే బైనాక్యులర్స్ సంచిలోంచి తీయకు, చెమ్మ పట్టేస్తుంది.

సరస్సంతా తిరగక్కర్లేదు. గడ్డకట్టని నీళ్లు ఎక్కడున్నాయో వెతుక్కో. వాగు వచ్చి కలిసేచోటో, అడుగున ఊట ఉన్నచోటో ఉంటాయి. మిగతా రోజుల్లో చెల్లాచెదురుగా తిరిగే బాతులన్నీ ఆ కాస్త మడుగులోకే చేరతాయి. తోక పైకి లేపి తల ముంచేవి కొన్ని, మొత్తంగా మునిగిపోయేవి కొన్ని. మునిగినదాన్ని అంకెలు లెక్కపెడుతూ చూడు, ఎక్కడ తేలుతుందో నువ్వు ఒక్కసారీ చెప్పలేవు!

ఇక అసలు సంగతి. మంచు మీద అడుగు పెట్టకు.

నా కథ నీకెవరూ చెప్పి ఉండరు. ఆ మాటెత్తితే మీ అత్తయ్యకి ఇప్పటికీ కోపం. అప్పుడు నాకు 31 ఏళ్లు. ఒడ్డుకి కొద్ది దూరంలో మంచు మీద ఒక బాతు, ముక్కు వీపు ఈకల్లో దూర్చుకుని కూర్చుంది. అరగంటైనా కదల్లేదు. కాళ్లు మంచుకి అంటుకుపోయాయనుకున్నా. అత్తయ్య వద్దు వద్దంటున్నా దిగాను. పది అడుగులు వేశానో లేదో, అది తలెత్తి నన్నొక చూపు చూసి, హాయిగా ఎగిరిపోయింది. దాంతోపాటు మడుగులో ఉన్న మందంతా లేచింది. నేనింకా నోరు తెరుచుకుని చూస్తుండగానే కాళ్ల కింద టప్‌మంది.

ఛాతీ లోతు నీళ్లు. ఊపిరి నా మాట వినలేదు, అరుద్దామంటే గొంతు పెగల్లేదు. మీ అత్తయ్య ఒడ్డున బోర్లా పడుకుని ట్రైపాడ్ చాచింది.

బాతు కాళ్లలో కిందికి దిగే వేడి నెత్తురూ పైకొచ్చే చల్ల నెత్తురూ పక్కపక్కనే పారుతూ వేడి మార్చుకుంటాయట. పాదాలు చల్లబడినా ఒంట్లో వేడి నిలుస్తుంది. ఇది తర్వాత చదివాను. ఆ చలిలో తిండి వెతుక్కోవడమే కష్టమైన మందని ఊరికే ఎగరగొట్టానన్న బాధ మాత్రం ఇప్పటికీ పోలేదు.

గట్టి తేట మంచు 10 సెంటీమీటర్లుంటే మనిషిని మోస్తుందంటారు. ఆ లెక్క నీకొద్దు. పక్షులుండేది గడ్డకట్టనిచోట, అటు వెళ్లేకొద్దీ మంచు పల్చబడుతుంది. ఖర్మకాలి పడితే, వచ్చిన దిక్కుకే తిరిగి, కాళ్లు కొట్టుకుంటూ పొట్ట మీద పైకి పాకు. లేచి నిలబడకు, దొర్లుతూ రా.

నీ కుతూహలానికి కాదమ్మా నా టెన్షన్, నీ జాలికి. కిటికీకి కొట్టుకుని పడ్డ పిచ్చుకని ఒళ్లో పెట్టుకుని అన్నం మానేసిన పిల్లవి నువ్వు. ఏ పక్షైనా నిజంగా ఇరుక్కుందనిపిస్తే ఒడ్డునే ఉండి రెస్క్యూ వాళ్లకి ఫోన్ చెయ్యి.

ఆ ట్రైపాడ్ నీకు పంపిస్తున్నా. ఒక కాలు కాస్త వంకర, అప్పటిదే. అత్తయ్యే ప్యాక్ చేసింది, ఒక్క మాటా అనకుండా.

మీ మావయ్య