30 వేలలోపు ఏవీ రిసీవర్: ముందు మాట వినబడాలి

"30 వేలలోపు హోం థియేటర్ రిసీవర్ కొన్నవాళ్లు తృప్తిగా ఉన్నారా? అట్మాస్ లేని 5.1 రిసీవర్ ఇప్పుడు కొంటే డబ్బు దండగేనా? అందరూ సౌండ్‌బార్ తీసుకోమంటున్నారు" అని అడిగారు. టీవీ ధ్వనిని అందుకుని విడివిడి స్పీకర్లకు పంచే పెట్టె రిసీవర్; 5.1 అంటే అయిదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్; అట్మాస్ అంటే తల పైనుంచి కూడా ధ్వని వచ్చినట్టు వినిపించే డాల్బీ పద్ధతి.

నేను కొన్నాను. 2019 దసరాకు తీసుకున్న యమహా ఆర్‌ఎక్స్-వీ385 విజయవాడలో మా ఇంటి హాల్లో ఇప్పటికీ రోజూ మోగుతోంది. తృప్తిగా ఉన్నాను. మళ్లీ కొనాల్సి వచ్చినా ఆ తరగతిదే కొంటాను. అయితే నా తృప్తికి కారణం దుకాణాల్లో ఎవరూ చెప్పరు, అందుకే వివరంగా రాస్తున్నాను.

మా అమ్మ తెలుగు పండితురాలిగా పనిచేసి రిటైరైంది. ముప్ఫై ఏళ్లు తరగతి గదుల్లో పద్యాలు చెప్పిన మనిషికి డెబ్భై దాటేసరికి వినికిడి కొంత మందగించింది. ఎదురుగా కూర్చుని మాట్లాడితే అన్నీ వినబడతాయి. టీవీలో సినిమా పెడితేనే ఇబ్బంది. అయిదు నిమిషాలకోసారి "ఏమన్నాడురా?" అని అడిగేది. నేను చెప్పేలోపు తర్వాతి మాట వెళ్లిపోయేది. "ఏమందిరా?" అని మళ్లీ అడిగేది. ధ్వని పెంచితే మాట తెలిసే వేళకు పాటో ఫైటో వచ్చి ఇల్లు దద్దరిల్లేది. కింది వాటావాళ్లు తలుపు తీసి పైకి చూసేవారు. తగ్గిస్తే కథ మళ్లీ మొదటికి. కొన్నాళ్లకు అమ్మ అడగడం మానేసింది. మేం నవ్వినప్పుడు మా ముఖాలు చూసి తనూ నవ్వేది. అది చూసి నేను పడ్డ బాధ ఇంతా అంతా కాదు.

రిసీవర్ కొన్నది అందుకే. 5.1 ధ్వనిలో పాత్రలు మాట్లాడే మాటల్లో అధిక భాగం మధ్య చానల్‌కే, అంటే టీవీ కింద పెట్టే సెంటర్ స్పీకర్‌కే వస్తుంది. సంగీతాన్ని, వాన చప్పుళ్లను, పేలుళ్లను మిగతా స్పీకర్లు ఎక్కువగా పంచుకుంటాయి. కాబట్టి మాటను విడిగా పెంచుకునే వీలుంటుంది. టీవీ లోపలి రెండు స్పీకర్లలో అన్నీ కలగలిసి వస్తాయి, అక్కడ దేన్నీ విడదీయలేం.

దుకాణం పంపిన కుర్రాడు గంటలో అన్నీ బిగించి వెళ్లాడు. సరౌండ్ స్పీకర్లు రెండూ వెనక గోడకు, పైకప్పును తాకేంత ఎత్తున. సెంటర్ స్పీకర్ టీవీ కింద షోకేసు అరలో, బాగా లోపలికి నెట్టి, దాని ముందు మా కొండపల్లి బొమ్మలన్నీ తిరిగి యథాస్థానంలో పెట్టి. ఆ రాత్రి సినిమా పెట్టుకున్నాం. పేలుళ్లు బ్రహ్మాండంగా ఉన్నాయి. పదో నిమిషంలో అమ్మ నా వైపు తిరిగి "ఏమన్నాడురా?" అంది. డబ్బు నీళ్లలో పోసినట్టే అనిపించింది. రెండు వారాల పాటు ఆ పెట్టె వైపు చూడబుద్ధి కాలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం, అట్టపెట్టెలో అలాగే పడి ఉన్న మైకును బయటికి తీశాను. ఈ రిసీవర్‌తో పాటు చిన్న నల్లటి మైకు ఒకటి ఇస్తారు. ఆ కొలత పద్ధతికి యమహా పెట్టిన పేరు వైపీఏఓ. మనం కూర్చునే చోట చెవి ఎత్తున మైకు పెడితే, రిసీవర్ ఒక్కొక్క స్పీకర్ నుంచి వరసగా చప్పుడు పంపి, మైకుకు చేరినదాన్ని బట్టి ఏ స్పీకర్ ఎంత దూరాన ఉంది, ఏది ఎంత గట్టిగా మోగాలి అన్నది తనే లెక్క కట్టుకుంటుంది. బిగించడానికి వచ్చిన కుర్రాడు దాని సంచి కూడా విప్పలేదు.

అమ్మను తన పడక కుర్చీలో కూర్చోబెట్టి నేల నుంచి చెవి దాకా టేపుతో కొలిచాను. అమ్మ లేచాక అదే చోట కెమెరా స్టాండు నిలబెట్టి, మైకును సరిగ్గా ఆ ఎత్తుకు తెచ్చాను. మొదటిసారి ఈ-5 అని చూపి ఆగిపోయింది. గదిలో చప్పుడు ఎక్కువగా ఉందని దాని అర్థం. ఫ్యాను ఆపాను. రెండోసారి సగం నడిచాక పక్క వాటాలో కుక్కర్ కూత వేసింది, మళ్లీ ఆగింది. ఫ్రిజ్ కూడా ఆపేశాను. అమ్మ వంటింట్లో పీట మీద కూర్చుని, గాజులు గలగలమనకుండా పైకి నెట్టుకుని, ఊపిరి బిగబట్టినట్టు కదలకుండా ఉండిపోయింది. మూడోసారి కొలత పూర్తయింది గానీ డబ్ల్యూ-1 అనే హెచ్చరిక వచ్చింది. ఏదో స్పీకర్‌కు తీగలు తారుమారయ్యాయన్నమాట. నిచ్చెన ఎక్కి చూస్తే ఎడమ సరౌండ్‌కు ఎర్ర కొక్కెంలో నల్ల తీగ, నల్ల కొక్కెంలో ఎర్ర తీగ ఉన్నాయి. రెండు వారాలు మేం విన్నది ఆ తలకిందుల ధ్వనినే!

తీగలు సరిచేశాను. కొండపల్లి బొమ్మల్ని పై అరకు మార్చాను. సెంటర్ స్పీకర్‌ను అర అంచుదాకా లాగి, ముందు వైపు కింద పాత హవాయి చెప్పు నుంచి కోసిన రెండు రబ్బరు ముక్కలు పెట్టి, దాని ముఖం కాస్త పైకి వాలేలా చేశాను. అప్పటిదాకా అది మా మోకాళ్ల ఎత్తున మోగుతోంది. మళ్లీ కొలత తీయించి, ఆ పైన సెంటర్ స్థాయిని మూడు డెసిబెళ్లు పెంచాను.

ఆ సాయంత్రం మళ్లీ సినిమా పెట్టాను. అరగంట గడిచినా అమ్మ ఏమీ అడగలేదు. నేను తెర చూడటం మానేసి అమ్మనే చూస్తున్నాను. ఉన్నట్టుండి అమ్మ నుదురు చిట్లించింది. వినబడలేదేమోనని నా గుండె జారిపోయింది. "ఆ కుర్రవాడు చూడరా, శాంతి అనకుండా సాంతి అంటున్నాడు. వీళ్లను దిద్దేవాళ్లే లేరా?" అంది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. నా డబ్బు ఆ క్షణానే గిట్టుబాటైపోయింది.

కాబట్టి రిసీవర్ కొనేముందు మీరు మొదట చూడాల్సింది దానితో కొలత మైకు వస్తుందా లేదా అన్నది. ఈ ధరలో అన్ని మోడళ్లకూ ఇవ్వరు. మైకు లేని రిసీవర్ రెండు వేలు తక్కువకు వచ్చినా తీసుకోవద్దనే చెబుతాను.

వాట్ల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ పేరుతో జనాన్ని ఏళ్ల తరబడి మోసం చేశారు. ఆర్‌ఎక్స్-వీ385కు యమహా రాసుకున్నది చానల్‌కు 70 వాట్లు; 6 ఓంల దగ్గర, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ దాకా, రెండు చానళ్లు మోగుతున్నప్పుడు. షరతులు పక్కనే రాసిన అంకె కాబట్టి దాన్ని నమ్మవచ్చు. మా ఇంట్లో అంతకుముందున్న సెట్టు అట్టపెట్టె మీద పీఎంపీఓ 3000 వాట్లు అని పెద్ద అక్షరాలు ఉండేవి. సెట్టు వెనక అంటించిన చీటీలో అది వాడుకునే కరెంటు 60 వాట్లని చిన్న అక్షరాల్లో ఉండేది. గోడ నుంచి 60 తీసుకునే యంత్రం 3000 ఎక్కడి నుంచి తెస్తుంది? 70 వాట్ల రిసీవర్‌కు, 100 వాట్ల రిసీవర్‌కు ధ్వనిలో తేడా సుమారు ఒకటిన్నర డెసిబెళ్లు మాత్రమే. శక్తి రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెళ్లు. చెవికి రెట్టింపు గట్టిగా తోచాలంటే దాదాపు పదింతల శక్తి కావాలి. ఆ డబ్బు స్పీకర్ల మీద పెట్టండి. 88 డెసిబెళ్ల సెన్సిటివిటీ (ఇచ్చిన శక్తికి స్పీకర్ ఎంత గట్టిగా మోగుతుందన్న అంకె) ఉన్న స్పీకర్ బదులు 91 డెసిబెళ్లది తీసుకుంటే రిసీవర్ వాట్లను రెట్టింపు చేసుకున్నట్టే.

నా స్పీకర్లు హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీ అంతా రెండు రోజులు తిరిగి ఎంచుకున్నవి. ప్రతి దుకాణంలోనూ బాంబులు పేలే సన్నివేశమే పెట్టి చూపిస్తారు. నేను ఫోనులో ఆకాశవాణి వార్తలు రికార్డు చేసుకుని వెళ్లాను. పేలుడు ఏ పెట్టెలోనైనా బాగానే వినిపిస్తుంది. మనిషి గొంతు పెడితేనే స్పీకర్ బండారం బయటపడుతుంది. కొన్ని ఖరీదైన పెట్టెల్లో వార్తలు చదివే ఆమె గొంతు కుండలోంచి వచ్చినట్టు ఉంది.

కొన్నాక చాలామంది ఇళ్లలో నేను చూసిన పొరపాటు ఒకటి చెబుతాను. తీగ బిగించగానే టీవీ ధ్వని రిసీవర్‌లో వస్తుంది, పని అయిపోయిందనుకుంటారు. టీవీ సెట్టింగుల్లో డిజిటల్ ధ్వని పీసీఎం అని ఉంటే ఏఆర్‌సీ (టీవీ ధ్వనిని హెచ్‌డీఎంఐ తీగలోనే రిసీవర్‌కు పంపే దారి) మీదుగా వచ్చేది రెండు చానళ్లే. అయిదు స్పీకర్లు కొనుక్కుని, సినిమా అసలు 5.1 ధ్వని ఒక్కరోజు కూడా వినని ఇళ్లు మా వీధిలోనే రెండున్నాయి. అక్కడ ఆటో అనో బిట్‌స్ట్రీమ్ అనో మార్చాలి. టీవీ, రిసీవర్ ఒకదాన్నొకటి నడిపించుకునే సీఈసీ కూడా పనిచేస్తుండాలి. శాంసంగ్ టీవీలో దాని పేరు ఎనీనెట్ ప్లస్, ఎల్‌జీలో సింప్‌లింక్, సోనీలో బ్రావియా సింక్. మీ టీవీలో ఆ పేరుతో వెతకండి.

పాత సినిమాలు, మామూలు టీవీ కార్యక్రమాలు చాలావరకు రెండు చానళ్ల ధ్వనితోనే వస్తాయి. అలాంటప్పుడు వచ్చిన ధ్వనిని ఉన్నదున్నట్టే వినిపించే స్ట్రెయిట్ పద్ధతి రిమోట్‌లో అమలులో ఉంటే సెంటర్ స్పీకర్ మాట్లాడదు. అది తీసేసి, రెండు చానళ్లను అన్ని స్పీకర్లకూ పంచే సరౌండ్ డీకోడర్ పెడితే మాటలు మళ్లీ మధ్యకు వస్తాయి. అమ్మకు గుర్తుండేలా ఆ డీకోడర్ మీట మీద ఎర్రటి బొట్టుబిళ్ల అంటించాను. ఇప్పుడు సెంటర్ స్పీకర్ నోరు మూసుకుంటే తనే బొట్టుబిళ్ల నొక్కుతుంది.

అమెరికాలో ఉన్న పిల్లల చేత రిసీవర్ తెప్పించుకుందామని ఆలోచన ఉంటే మానుకోండి. అక్కడి సెట్లు 120 వోల్టులకు చేసినవి, మన గోడలో ఉన్నది 230. మా పెదనాన్నగారి అబ్బాయి ప్రేమగా మోసుకొచ్చిన సెట్టును మా బాబాయి నేరుగా గోడకు పెట్టారు. నిమిషంలో గది నిండా కాలిన వాసన. స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకుంటే నడుస్తుంది గానీ, ఆ బరువు, ఆ వేడి, ఇక్కడ వారంటీ లేకపోవడం చూస్తే మిగిలే డబ్బు ఏమీ ఉండదు.

వేడి అంటే గుర్తొచ్చింది. మన ఇళ్లలో కొత్త వస్తువు ఏది వచ్చినా దాని మీద లేసు గుడ్డ కప్పే అలవాటు ఉంది. రిసీవర్‌కు పైన ఉన్న కన్నాలే ఊపిరి. పైన అడుగుకు తక్కువ కాకుండా ఖాళీ వదలండి, గుడ్డ మాత్రం కప్పకండి. తలుపులున్న షోకేసులో పెట్టి మూసేయకండి.

సౌండ్‌బార్ మీద నా అభిప్రాయం కటువుగానే ఉంటుంది. మీరు చెప్పిన ధరలో దొరికే వాటిలో కొన్నింటికి విడి సెంటర్ చానల్ లేదు. మాట కోసం కొనేవాళ్లకు అది లేకపోతే ఉన్నదేమిటి? పైగా అందులో ఒక భాగం పాడైతే మొత్తం పక్కన పెట్టాల్సిందే. నేను 2022లో సెంటర్ స్పీకర్ ఒక్కటే మార్చుకున్నాను, మిగతా నాలుగూ మొదటివే. అద్దె ఇంట్లో ఉండి గోడకు మేకు కొట్టనివ్వని యజమాని ఉంటే సౌండ్‌బార్ కొనండి, కాదనను.

అట్మాస్ లేదని దిగులు పడకండి. ఓటీటీల్లో వచ్చే అట్మాస్ ధ్వనిని డాల్బీ డిజిటల్ ప్లస్‌లో పొదిగి పంపుతారు కాబట్టి 5.1 రిసీవర్ దాన్ని 5.1గా చక్కగా వినిపిస్తుంది. మామూలు ఏఆర్‌సీ దాన్ని మోయగలదు. బ్లూరే డిస్కుల్లోని పూర్తి నాణ్యత ధ్వని కావాలంటే ప్లేయర్‌ను నేరుగా రిసీవర్‌కే కలపాలి. నా రిసీవర్‌కు నాలుగు హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్‌లు ఉన్నాయి, మా ఇంట్లో ఇంతవరకు రెండుకు మించి నిండలేదు. వైఫై లేదు, బ్లూటూత్ ఉంది. 4కె చిత్రం సెకనుకు 60 ఫ్రేముల వరకే దీని గుండా వెళ్తుంది. అంతకు మించి ఆడే గేమింగ్ కన్సోల్ ఉంటే దాన్ని టీవీకే కలుపుకోండి.

దుకాణానికి బయల్దేరేముందు మీ టీవీ వెనక హెచ్‌డీఎంఐ సాకెట్లలో ఏదైనా ఒకదాని పక్కన ఏఆర్‌సీ అని రాసి ఉందేమో చూడండి. లేకపోతే ఆప్టికల్ తీగ కొనాలి. అందులోంచి కూడా డాల్బీ డిజిటల్ 5.1 వస్తుంది, కానీ టీవీ రిమోట్‌తో రిసీవర్ ధ్వని తగ్గించడం, పెంచడం కుదరదు, పెద్దవాళ్లకు రెండు రిమోట్లు అలవాటు చేయాల్సి వస్తుంది.