గిజిగాడి గూడు సరే, టికెట్ డబ్బులు ఎక్కణ్నుంచి?

ఈ నెల ఉత్తరాల్లో నాలుగు ఒకే దారిలో ఉన్నాయి. జంతువుల ప్రవర్తన మీద పని చేస్తున్నాం, డబ్బు ఎవరిస్తారు, చేసిన పని ఎక్కడ చెప్పుకోవాలి అని. అందుకే ఈసారి శీర్షిక మొత్తం వాటికే.

ప్రశ్న: మేడమ్, నేను జువాలజీలో పీహెచ్‌డీ రెండో ఏడాది. గిజిగాళ్ల మీద పని చేస్తున్నాను. మగపక్షి సగం అల్లిన గూట్లో ఆడపక్షి ఏం చూసి సరేనంటుందన్నది నా ప్రశ్న. యూరప్‌లో ఒక కాన్ఫరెన్స్‌కి నా పోస్టర్ (చేసిన పనిని వివరించే పెద్ద షీటు) ఎంపికైంది, రెండు నెలలే టైముంది. టికెట్, వీసా, రిజిస్ట్రేషన్ కలిపి లెక్కేస్తే కళ్లు తిరుగుతున్నాయి. మా గైడ్ "ఫండ్స్ లేవమ్మా, నువ్వే ఏదో ఒకటి చూసుకో" అన్నారు. ఎవర్ని అడగాలి?
– పరిశోధక విద్యార్థిని, కర్నూలు

జవాబు: ముందు చేదు మాట చెప్పేస్తాను. రెండు నెలల్లో ప్రభుత్వ ట్రావెల్ గ్రాంట్ చేతికొస్తుందని నమ్ముకుని టికెట్ కొనకండి. మన దేశంలో ఇలాంటి ప్రయాణాలకి డబ్బిచ్చేవాళ్లు లేకపోలేదు. ఇదివరకు పరిశోధనలకి డబ్బిచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎస్‌ఈఆర్‌బీ ఇచ్చేది, 2023 చట్టంతో దాని స్థానంలో ఏఎన్ఆర్ఎఫ్ అనే సంస్థ వచ్చింది. కేంద్రంలోని సీఎస్‌ఐఆర్ (శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి), డీబీటీ (బయోటెక్నాలజీ విభాగం)లకీ ట్రావెల్ గ్రాంట్లున్నాయి. చిక్కంతా తేదీల్లో ఉంది. పోస్టర్ ఎంపికైనట్టు ఉత్తరం ఉంటేగానీ వీళ్ల దగ్గర దరఖాస్తు కదలదు, ఆ ఉత్తరం వచ్చేసరికి వీళ్ల గడువు నెత్తి మీదికొచ్చేస్తుంది. మంచి పని చేసి కూడా ఆగిపోయిన పిల్లల్ని చాలామందిని చూశాను. పోటీలో ఓడి ఆగిపోయినవాళ్లకంటే తేదీ దాటి ఆగిపోయినవాళ్లే ఎక్కువ.

ఇంకో సంగతి, చాలా గ్రాంట్లు వెళ్లొచ్చి బిల్లులు పెట్టాకే డబ్బిస్తాయి. నేను మొదటిసారి వెళ్లినప్పుడు మా బావగారి దగ్గర అప్పు చేసి టికెట్ కొన్నాను. తిరిగొచ్చి బోర్డింగ్ పాస్‌లతో సహా అన్నీ పంపితే ఎనిమిది నెలలకి డబ్బు వచ్చింది. ఆ ఎనిమిది నెలలూ ఏ పెళ్లిలో కనిపించినా "ఏమ్మా, నీ పక్షులు ఎలా ఉన్నాయి" అని బావగారు పలకరించడమే, అందులో ఏ పక్షుల గురించి అడుగుతున్నారో నాకు తెలుసు. టికెట్ ఎవరి ద్వారా కొంటే డబ్బు తిరిగిస్తారో కూడా నిబంధనల్లో రాసి ఉంటుంది, కొనకముందే చదవండి.

ఇప్పుడు మీరు చేయగలిగేది ఒకటుంది. ఇవాళే ఆ కాన్ఫరెన్స్ నిర్వాహకులకి మెయిల్ రాయండి. రిజిస్ట్రేషన్ ఫీజు తగ్గిస్తారా, విద్యార్థులకి సాయం ఏమైనా మిగిలుందా అని సిగ్గుపడకుండా అడగండి. మన దేశం నుంచి వచ్చేవాళ్లకి తక్కువ ఫీజు పెట్టే సభలు చాలానే ఉన్నాయి, అడగనివాళ్లకి మాత్రం ఎవరూ పిలిచి ఇవ్వరు. కుదరకపోతే ఈసారికి వదిలేయండి, కొంప మునిగిపోదు.

వచ్చే ఏడాదికి ఇప్పట్నుంచే మొదలుపెట్టండి. అమెరికాలో 1964లో పుట్టిన యానిమల్ బిహేవియర్ సొసైటీ ఉంది. తన సభ్యులైన పరిశోధక విద్యార్థులకి చిన్న గ్రాంట్లిస్తుంది, మనలాంటి దేశాల పరిశోధకులకని విడిగా ఒకటి పెట్టింది. ఇంగ్లండ్‌లో 1936 నుంచీ ఉన్న అసాబ్ అనే జంతు ప్రవర్తన పరిశోధకుల సంఘం కూడా సభ్యులకి సభలకెళ్లడానికి సాయం చేస్తుంది. రెండుచోట్లా ముందు సభ్యత్వం కట్టాలి, ఎంపికయ్యాక పరిగెత్తుకెళ్లి కడితే లాభం లేదు. పక్షి సంరక్షణకి పనికొచ్చే కోణం మీ పనిలో నిజంగా ఉంటే, ప్రకృతి సంరక్షణ పనులకి గ్రాంట్లిచ్చే రఫర్డ్ ఫౌండేషన్‌కి రాయండి. వాళ్లు ముగ్గురి సిఫార్సులు అడుగుతారు, ఆ ముగ్గురూ మీ పని తెలిసినవాళ్లైతే మంచిది. గిజిగాడికి ఏ ముప్పూ లేకపోతే మాత్రం ఉన్నట్టు రాయకండి, చదివేవాళ్లకి ఇట్టే తెలిసిపోతుంది.

అన్నట్టు, విదేశమే ఎందుకు? ఈ రంగంలో పాత పెద్ద సభ అంటే రెండేళ్లకోసారి జరిగే అంతర్జాతీయ ఎథలాజికల్ కాన్ఫరెన్స్ (ఎథాలజీ అంటే జంతు ప్రవర్తన శాస్త్రం). అది 1999లో బెంగళూరుకొచ్చింది, మళ్లీ 2025 ఆగస్టులో కోల్‌కతాకొచ్చింది. కర్నూలు నుంచి రైలెక్కి వెళ్లగలిగే చోట ప్రపంచమంతా కూర్చుంటే మనవాళ్లు కొందరు ఆ కబురు తెలియక ఇంట్లో ఉండిపోయారు.

మీరు గూళ్లు లెక్కపెట్టి, చూసి రాసుకుంటున్నంతవరకూ పెద్ద ఖర్చు లేదు. పక్షుల్ని వలతో పట్టి కాళ్లకి రింగులు వేయాలంటే మాత్రం అటవీ శాఖ అనుమతి ముందే తీసుకోండి, 1972 వన్యప్రాణి చట్టం లెక్కలో పట్టుకోవడం కూడా వేట కిందే వస్తుంది. డబ్బిచ్చేవాళ్లు అడిగే మొదటి కాగితాల్లో అదొకటి. ఇక డబ్బు లేదని దిగులుపడే ముందు ఒక్కటి గుర్తు చేస్తాను. 1930లో పక్షి శాస్త్రవేత్త సలీం అలీ ఉద్యోగం పోయి బొంబాయి దగ్గర కిహిమ్‌లో ఉంటున్నప్పుడే, ఇంటి దగ్గరి గిజిగాళ్లని చూసి, ఒక మగపక్షి ఒక గూడయ్యాక ఇంకో గూడు, ఒక ఆడపక్షి తర్వాత ఇంకో ఆడపక్షి అన్నట్టు సంసారాలు పెడుతుందని బయటపెట్టాడు. మీ ప్రశ్న కూడా దానికి చుట్టమే. దరఖాస్తులో మొదటి వాక్యం గిజిగాడు అందమైన పక్షి అని కాకుండా ఆ ప్రశ్నతోనే మొదలుపెట్టండి.

ప్రశ్న: నేను బీఎస్సీ చివరి ఏడాది. మా వీధి కుక్కలు ఎవరి చేతి తిండికి వస్తాయి, ఎవర్ని చూసి పారిపోతాయి అని ఆరు నెలలుగా నోట్‌బుక్‌లో రాస్తున్నాను. మా ఫ్రెండ్స్ నవ్వుతున్నారు. ఇది పరిశోధనేనా? ఎక్కడైనా చెప్పొచ్చా?
– విద్యార్థి, విజయవాడ

జవాబు: నవ్వనివ్వండి. ఐసర్ కోల్‌కతా అనే కేంద్ర సైన్స్ విద్యాసంస్థలో అనిందితా భద్ర బృందం ఏళ్ల తరబడి చేస్తున్నది వీధి కుక్కల మీదే. మనిషి వేలు చూపించిన గిన్నె దగ్గరికి, ఎవరూ నేర్పని వీధి కుక్క కూడా వెళ్తుందా అని రోడ్ల మీదే పరీక్షించి చూశారు, చాలా కుక్కలు వెళ్లాయి. దానికి కావలసింది రెండు గిన్నెలు, కొంచెం తిండి, బోలెడంత ఓపిక. బెంగళూరు ఐఐఎస్సీలో రాఘవేంద్ర గడగ్కర్ దశాబ్దాలుగా కందిరీగల గూళ్ల ముందు కూర్చుని రాణి ఎవరు, తర్వాత రాణి ఎవరు అని తేల్చింది కూడా ఇలాంటి ఓపికతోనే.

మీ నోట్‌బుక్‌లో లోపం ఎక్కడుంటుందో ఊహించగలను. గమ్మత్తుగా అనిపించిన రోజే రాసి, ఏమీ జరగని రోజు వదిలేసి ఉంటారు. రోజూ ఒకే టైముకి, ఒకే అరగంట, కుక్క రాకపోతే "రాలేదు" అని కూడా రాయాలి. అలా రెండు నెలలు రాశాక మీ కాలేజీలో ఫిబ్రవరి 28న సైన్స్ డేకి పోస్టర్ పెట్టండి, అక్కడ వచ్చే ప్రశ్నలే మీకు రిహార్సల్. తర్వాత ఎథలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా సభలకి అబ్‌స్ట్రాక్ట్ (మీ పని సారాంశం) పంపండి. వన్యప్రాణి సంరక్షణ వైపు పని ఉన్నవాళ్లకైతే బెంగళూరులో జరిగే ఎస్‌సీసీఎస్ అనే విద్యార్థుల సభ మంచిది. కుక్కని తాకడం, రక్తం తీయడం లాంటివి మాత్రం ఎథిక్స్ కమిటీ అనుమతి లేకుండా వద్దు. అపార్ట్‌మెంట్ అంకుల్స్‌కి కూడా ఏం చేస్తున్నారో ముందే చెప్పండి, లేకపోతే గొడవ మీ మీదికే వస్తుంది.

ప్రశ్న: మా అమ్మాయి టెక్సాస్‌లో డిగ్రీ చదువుతూ కంప్యూటర్స్ వదిలేసి తేనెటీగల ప్రవర్తన అంటోంది. ఇందులో డబ్బుందా?
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: కంప్యూటర్స్‌లో ఉన్నంత లేదండీ, అబద్ధమెందుకు. దారి మాత్రం ఉంది. పైన చెప్పిన అమెరికా సొసైటీలోనే డిగ్రీ పిల్లల్ని ఖర్చు పెట్టుకుని సభకి తీసుకెళ్లే టర్నర్ ప్రోగ్రామ్ ఒకటుంది, అర్హతలు తనని చూసుకోమనండి. చార్లెస్ టర్నర్ నల్లజాతి శాస్త్రవేత్త. తేనెటీగలు రంగులు గుర్తుపడతాయని 1910లో ప్రయోగాలు చేసి చూపించినాయన, విశ్వవిద్యాలయంలో చోటు దొరక్క సెయింట్ లూయిస్‌లో హైస్కూల్ టీచర్‌గా ఉంటూ పరిశోధన చేశాడు. మీ అమ్మాయి ఆయన పేరు వినే ఉంటుంది, ఈసారి ఫోన్‌లో ప్యాకేజీ గురించి కాకుండా తేనెటీగల గురించి అడిగి చూడండి.

ప్రశ్న: మేడమ్, "మీరు ప్రఖ్యాత శాస్త్రవేత్త, మా సభలో కీలకోపన్యాసం ఇవ్వండి" అని మెయిల్ వచ్చింది. దుబాయ్‌లోనట. ముందు ఫీజు కట్టమంటున్నారు.
– డిగ్రీ కాలేజీ అధ్యాపకుడు, వరంగల్

జవాబు: కట్టకండి. నిజంగా ముఖ్య వక్తగా పిలిచేవాళ్లు మీ దగ్గర ఫీజు తీసుకోరు, వాళ్లే ఖర్చులు పెట్టుకుంటారు. ఇలాంటి సభల్లో ఒకే హాల్లో పొద్దున నర్సింగ్, మధ్యాహ్నం నానోటెక్నాలజీ, సాయంత్రం జంతు ప్రవర్తన ఉంటాయి. నిర్వాహక సంఘంలో ఉన్న పేర్లలో ఇద్దరికి విడిగా మెయిల్ చేసి, మీకు ఈ సభ తెలుసా అని అడగండి. ఒకసారి నేనలా అడిగితే, తన పేరు అందులో ఉందన్న సంగతే ఆయనకి తెలియదు.