గొడవ లేకపోతే అదే శాంతా? మా పొలం గట్టు సంగతి వినండి

"కొట్టుకోవడాలు లేకపోతే అదే శాంతి కదా, ఇంకేం కావాలి?" అని ఒకరు అడిగారు. కాదండీ. మా ఇంట్లో ఆరేళ్లు ఒక్క గొడవ లేదు, ఆ శాంతి పగవాడికి కూడా వద్దు.

మాది విజయనగరం దగ్గర పల్లె. గట్టు దగ్గర నాన్నకీ పెదనాన్నకీ మాటామాటా పెరిగి ఓ రోజు కర్రల దాకా వెళ్లింది. పెద్దమనుషులు కూర్చోబెట్టి, ఒకరి జోలికి ఒకరు వెళ్లకూడదని కాయితం రాయించారు. ఊరంతా హమ్మయ్య అనుకుంది. బోరు ఉమ్మడిది, వంతులు. మా వంతు అవ్వగానే నాన్న మోటారు కట్టేసి, పెదనాన్నకి వినపడేలా గట్టిగా ఒకసారి దగ్గి వచ్చేసేవాడు. ఆ దగ్గే కబురు. నానమ్మ పొద్దున మా ఇంట్లో, రాత్రి వాళ్లింట్లో తినేది.

మా అమ్మమ్మది కురుపాం వైపు. "మా చిన్నప్పుడు ఏ గొడవా లేదురా" అనేది. ఎందుకుంటుంది, అప్పు కింద షావుకారు భూమి లాగేసుకున్నా సవరలు, జాతాపులు లాంటి గిరిజనులు నోరెత్తే వీల్లేకపోతే! 1967 అక్టోబర్ 31న మొండెంఖల్ సభకి వెళ్తున్న గిరిజనుల మీద లేవిడి దగ్గర కాల్పులు జరిగి కోరన్న, మంగన్న చనిపోయారు. హింస అక్కడ మొదలైందంటారు, నాకైతే భూమి పోయిన రోజే మొదలైందనిపిస్తుంది. చెయ్యి ఎత్తకపోయినా, ఉన్న ఏర్పాటే మనిషిని తొక్కేస్తుంటే అదీ హింసేనని నార్వే పండితుడు గాల్టుంగ్ 1969లో రాశాడు. అలాగని ఆ తర్వాత శ్రీకాకుళం సాయుధ పోరాటంలో పట్టిన తుపాకీ శాంతి తెచ్చిందనీ అనను, బోలెడు ప్రాణాలు పోయాయి. గిరిజనుల భూమి బయటివాళ్ల చేతికి పోకూడదని 1970లో 1/70 చట్టం వచ్చింది, అదైనా గట్టిగా అమలైన చోటే మేలు.

మా సంగతికొస్తే, చివరికి సర్వేయర్ని పిలిచి కొలిపించాం. గొలుసు లాగితే తేలిందేమిటంటే రెండడుగులు జరిగింది మేమే (ఆరేళ్లూ అన్యాయం మాకే జరిగిందని నేను కాలేజీలో అందరికీ చెప్పుకున్నాను, సిగ్గేసింది). నాన్న ఏం మాట్లాడలేదు. మర్నాడు పార పట్టుకెళ్లి గట్టు తనే వెనక్కి జరిపాడు, సాయంత్రం దాకా పట్టింది. మా వంతు అయ్యాక, అలవాటుగా దగ్గబోతుంటే అటువైపు నుంచి పెదనాన్న గొంతు వినిపించింది: "ఏరా, మోటారు కట్టీసినావేటి?"