ఆట మధ్యలో ల్యాప్‌టాప్ టక్కున ఆఫ్ అయిపోతుంటే: పేస్ట్ ట్యూబు కొనేముందు చూడాల్సినవి

మీరు రాసినదాన్నిబట్టి పరిస్థితి ఇదీ. మూడేళ్లు దాటిన గేమింగ్ ల్యాప్‌టాప్, ఆట మొదలెట్టిన పావుగంటకో ఇరవై నిమిషాలకో ఏ హెచ్చరికా లేకుండా ఆఫ్ అయిపోతోంది. కీబోర్డు పైభాగం వేలు ఆనించలేనంత వేడిగా ఉంటోంది, ప్రాసెసర్ 95 డిగ్రీలు చూపిస్తోంది. చిప్‌కూ దాని వేడిని లాగే లోహపు హీట్‌సింక్‌కూ మధ్య రాసే థర్మల్ పేస్ట్ మారిస్తే సరిపోతుందా అని అడిగారు. సరిపోవచ్చు. కానీ వేడెక్కడం, ఆఫ్ అవడం రెండూ ఒకే జబ్బని ముందే ఖాయం చేసుకోకండి. ఇలాంటి కేసుల్లో అవి వేర్వేరుగా తేలడం మామూలే.

వేడి ఎక్కువైతే ప్రాసెసర్ చేసే మొదటి పని ఆగిపోవడం కాదు, నెమ్మదించడం. ఇంటెల్ ల్యాప్‌టాప్ చిప్‌లకు గరిష్ఠ పరిమితి సాధారణంగా 100 డిగ్రీల సెల్సియస్, ఏఎండీ రైజెన్‌లకు మోడల్‌నిబట్టి 95 నుంచి 105. ఆ గీత తాకగానే చిప్ తన స్పీడు, వోల్టేజీ తగ్గించుకుంటుంది. థ్రాట్లింగ్ అనేది ఇదే. ఆటలో ఫ్రేములు పడిపోతాయి, కుదుపులు వస్తాయి, అయినా మెషీన్ నడుస్తూనే ఉంటుంది. కరెంటు పూర్తిగా తెగ్గొట్టే ఆఖరి రక్షణ దానికి ఇంకో పాతిక ముప్ఫై డిగ్రీల పైన ఉంటుంది. కొన్ని కంపెనీలు మదర్‌బోర్డు మీది కంట్రోలర్‌లో అంతకంటే తక్కువ హద్దు పెడతాయి, అది వేరే సంగతి. గేమింగ్ ల్యాప్‌టాప్‌లో లోడ్ మీద 90-95 అనేది గొప్ప అంకె కాదు గానీ, అదొక్కటే చూసి జబ్బు అనడానికీ లేదు. అందుకే 95 దగ్గర నిలకడగా ఆడుతున్న మెషీన్ ఉన్నట్టుండి ఆరిపోతే ముందు పవర్ వైపు చూడాలి.

స్క్రూడ్రైవర్ తీసేముందు విండోస్‌లోని ఈవెంట్ వ్యూయర్ తెరిచి, విండోస్ లాగ్స్ కింద సిస్టమ్‌లోకి వెళ్లండి. ఆఫ్ అయిన సమయం దగ్గర కెర్నెల్-పవర్ 41 అనే ఎంట్రీ సాధారణంగా కనిపిస్తుంది. దాన్ని చూసి పవర్ సప్లై పోయిందని తీర్మానించేస్తుంటారు. ఆ ఎంట్రీకి అర్థం "క్రితంసారి సరిగ్గా షట్‌డౌన్ కాలేదు" అని మాత్రమే. పనికొచ్చేది దాని డీటెయిల్స్‌లో ఉండే బగ్‌చెక్‌కోడ్. అది సున్నా అయితే విండోస్‌కు ఏదీ రాసుకునే వ్యవధి కూడా దొరకలేదు, అంటే కరెంటు ఒక్కసారిగా పోయింది. సున్నా కాకపోతే అది నీలి తెర క్రాష్, డ్రైవర్లూ ర్యామూ చూసుకోవాలి. కెర్నెల్-పవర్ 86 కనిపిస్తే మాత్రం వేడి వల్లే ఆపేశామని విండోసే ఒప్పుకున్నట్టు. దగ్గర్లో డబ్ల్యూహెచ్ఈఏ-లాగర్ (WHEA-Logger) అనే పేరు ఉందేమో కూడా చూడండి. అది హార్డ్‌వేర్ తప్పుల చిట్టా. అండర్‌వోల్ట్ (చిప్‌కు అందే వోల్టేజీని తగ్గించడం) అతిగా చేసిన మెషీన్లలో ఇది తరచూ కనిపిస్తుంది.

తర్వాత సెన్సర్ల అంకెలు చూపే హెచ్‌డబ్ల్యూఇన్ఫో (HWiNFO) అనే ప్రోగ్రామ్ పెట్టి, సెన్సర్స్ విండోలో లాగింగ్ ఆన్ చేయండి. మామూలుగా రెండు సెకన్లకోసారి చదువుతుంది, దాన్ని 500 మిల్లీసెకన్లకు తగ్గించండి. ఆట ఆడి, ఆఫ్ అయ్యాక మళ్లీ ఆన్ చేసి ఆ ఫైలులో చివరి వరసలు చూడండి. ఆఖరి ఒకటి రెండు సెకన్లు ఎక్కకపోవచ్చు, పర్వాలేదు. చూడాల్సినవి: ప్రాసెసర్ ప్యాకేజీ వేడి, ఒక్కో కోర్ వేడి, గ్రాఫిక్స్ చిప్ వేడి, దాని హాట్‌స్పాట్ (చిప్‌లో అన్నిటికంటే వేడిగా ఉన్న చోటు), రెండు చిప్‌ల వాట్లు, ఫ్యాన్ల స్పీడు, బ్యాటరీ చార్జ్ రేటు.

ఈ ఫైలు చాలా అనుమానాలు తీర్చేస్తుంది. వేడి నిలకడగా 80-90 మధ్య ఉండి, వాట్లు ఒక్కసారి ఎగిరిన చోట లాగ్ తెగిపోతే పవర్. ఒక ఫ్యాన్ స్పీడు సున్నాకు పడిపోయి అక్కణ్నుంచి వేడి నిటారుగా ఎక్కితే ఫ్యాన్. చార్జర్ పెట్టి ఉన్నా చార్జ్ రేటు మైనస్‌లోకి వెళ్తుంటే అడాప్టర్ చాలడం లేదు, లోటును బ్యాటరీ పూడుస్తోంది.

ఇంకా తేలకపోతే లోడ్‌ను విడగొట్టండి. సినీబెంచ్ అనే టెస్ట్ ప్రోగ్రామ్‌తో ప్రాసెసర్ ఒక్కదాన్నే పది నిమిషాలు నడపండి. కాసేపు చల్లారనిచ్చి, గ్రాఫిక్స్ మాత్రమే వాడే టెస్ట్ ఏదైనా పది నిమిషాలు. ఆపై రెండూ కలిపి. విడివిడిగా నిక్షేపంలా నడిచి, కలిపితేనే, అదీ నిమిషంలోపే ఆరిపోతే అడాప్టర్, బ్యాటరీ, జాక్, బోర్డు మీది పవర్ భాగాలు, ఈ నాలుగింటిలోనే ఉంది తప్పు. ప్రాసెసర్ టెస్ట్ మొదలైన నాలుగైదు సెకన్లకే 100 తాకితే కూలింగ్ మొత్తం గాడి తప్పినట్టు.

పవర్ వైపు మొదట చూడాల్సింది అడాప్టర్ మీది చిన్న లైటు. ల్యాప్‌టాప్ ఆరిన క్షణంలోనే వైరు పీకకుండా దాన్ని చూడండి. అదీ ఆరిపోయి ఉండి, గోడ ప్లగ్గు తీసి నిమిషం ఆగి పెడితే మళ్లీ వెలుగుతుంటే, అడాప్టర్ ఓవర్‌లోడ్ రక్షణలోకి వెళ్లిందన్నమాట. కారణం రెండింటిలో ఒకటి: అడాప్టర్ ముసలిదై తన వాట్లు తను ఇవ్వలేకపోతోంది, లేదా ల్యాప్‌టాప్ లోపల ఏదో అతిగా లాగుతోంది. అదే వాట్ల మరో అసలు అడాప్టర్‌తో ఒకసారి ఆడి చూస్తే ఏదో తెలిసిపోతుంది. వాట్ల దగ్గర రాజీ వద్దు. 230 వాట్ల అడాప్టర్‌తో వచ్చిన మెషీన్‌ను 180తోనో, 100 వాట్ల టైప్-సి చార్జర్‌తోనో ఆడించడానికి పెట్టకూడదు. వోల్టేజీ సమానంగా ఉండాలి, వాట్లు సమానంగానో ఎక్కువగానో ఉండాలి.

బ్యాటరీ సంగతి చాలామందికి తట్టదు. చార్జర్ పెట్టే ఆడుతున్నాం కదా, బ్యాటరీతో పనేముంది అంటారు. పని ఉంది. లోడ్ ఒక్కసారిగా ఎగిరినప్పుడు ఆ క్షణానికి కావాల్సిన అదనపు కరెంటు చాలా గేమింగ్ మోడళ్లలో బ్యాటరీ నుంచే వస్తుంది. సెల్ బలహీనపడితే వోల్టేజీ కుంగి మెషీన్ ఆరిపోతుంది. అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పవర్‌సీఎఫ్‌జీ కమాండ్‌ను బ్యాటరీ రిపోర్ట్ ఆప్షన్‌తో (powercfg /batteryreport) నడిపితే ఒక పేజీ తయారవుతుంది. అందులో డిజైన్ కెపాసిటీ, ఫుల్ చార్జ్ కెపాసిటీ పోల్చండి. రెండోది మొదటిదాంట్లో సగానికి దగ్గరగా ఉంటే బ్యాటరీని అనుమానించాల్సిందే. టచ్‌ప్యాడ్ పైకి లేచినా, కింది మూత ఉబ్బినా ఇక టెస్టులేవీ వద్దు. వాడకం ఆపి బ్యాటరీ మార్పించండి. ఉబ్బిన సెల్‌ను నొక్కడం, గుచ్చడం ప్రమాదం.

బ్యాటరీ వైరు ఊడదీసి కేవలం చార్జర్ మీద నడిపి చూడమని సలహా ఇస్తుంటారు. అందులో ఒక మెలిక ఉంది. బ్యాటరీ లేదని తెలియగానే చాలా మోడళ్లు చిప్‌ల వాట్లను బాగా కోసేస్తాయి. అప్పుడు ఆరకుండా నడిచిందంటే బ్యాటరీయే దోషి అనుకోవడానికి లేదు, లోడ్ తగ్గింది కాబట్టి నడిచి ఉండొచ్చు. పవర్ ఆప్షన్స్‌లో మ్యాక్సిమమ్ ప్రాసెసర్ స్టేట్‌ను 99 శాతం చేసే చిట్కాదీ అదే కథ. ప్రాసెసర్ అవసరానికి స్పీడు పెంచుకునే టర్బో ఆగిపోతుంది, వేడీ తగ్గుతుంది, కరెంటూ తగ్గుతుంది. తాత్కాలికంగా పని గడుపుకోవడానికి బావుంటుంది గానీ జబ్బేదో చెప్పదు.

జాక్ దగ్గర వైరును మెల్లగా అటూ ఇటూ కదిపి చార్జింగ్ గుర్తు ఊగిసలాడుతోందేమో చూడండి. పిన్ చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగితే కాంటాక్ట్ వదులై అక్కడే వేడి పుడుతోంది.

ఇక వేడి సంగతి. కింది మూత తీసేముందు మెషీన్‌ను పూర్తిగా షట్‌డౌన్ చేసి చార్జర్ పీకండి. మూత తీయగానే మొదట బ్యాటరీ కనెక్టర్ ఊడదీయండి, తర్వాత పవర్ బటన్ పదిహేను సెకన్లు నొక్కి పట్టుకోండి. మూత స్క్రూలు ఒకే పొడవు ఉండవు, ఏది ఎక్కడిదో ఫొటో తీసి పెట్టుకోండి. పొడవుది పొట్టిదాని చోట బిగిస్తే పైన కీబోర్డు పక్కన బొడిపె తేలుతుంది.

దుమ్ము ఫ్యాన్ రెక్కల మీద కనిపిస్తుంది, కానీ అసలు అడ్డు అక్కడుండదు. ఫ్యాన్ గాలి బయటికి పోయేచోట రాగి రేకుల వరస ఉంటుంది కదా, ఫ్యాన్‌కూ ఆ రేకులకూ మధ్య నూలు, వెంట్రుకలు, దుమ్ము కలిసి కంబళి ముక్కలా అట్టకట్టి ఉంటాయి. బయటినుంచి గాలి కొడితే అది కదలదు, ఒక్కోసారి ఫ్యాన్‌లోకి వచ్చి ఇరుక్కుంటుంది. ఫ్యాన్ స్క్రూలు తీసి పక్కకు జరిపితే పట్టకారుతో ఒక్క ముక్కగా ఊడొస్తుంది. గాలి కొట్టేటప్పుడు రెక్కలను వేలితో ఆపి పట్టుకోండి. విచ్చలవిడిగా తిరగనిస్తే బేరింగ్ పాడవుతుంది, ఫ్యాన్ జనరేటర్‌లా మారి బోర్డులోకి వోల్టేజీ పంపే అవకాశమూ ఉంది.

పేస్ట్ మార్చాలా వద్దా అన్నది లాగ్ ఫైలే చెబుతుంది. ఒకే లోడ్ మీద ఒక కోర్ మిగతావాటికంటే 15 డిగ్రీలకు పైగా వేడిగా ఉంటే, లేదా గ్రాఫిక్స్ చిప్ సగటు వేడికీ హాట్‌స్పాట్‌కూ తేడా పాతిక దాటితే, పేస్ట్ ఎండిపోయిందో పక్కలకు జారిపోయిందో అనుకోవచ్చు. ల్యాప్‌టాప్ చిప్‌కు పైన లోహపు మూత ఉండదు, సిలికాన్ నేరుగా హీట్‌సింక్‌కు ఆనుతుంది. వేడెక్కి చల్లారినప్పుడల్లా వ్యాకోచ సంకోచాలకు పల్చటి పేస్ట్ కొంచెం కొంచెంగా అంచులకు నెట్టుకుపోతుంది. డెస్క్‌టాప్‌లో బ్రహ్మాండంగా పనిచేసే పల్చటి పేస్టులు ఇక్కడ కొన్ని నెలలకే చతికిలపడేది ఇందుకే. చిక్కటి పేస్ట్ ఎంచుకోండి. దానికంటే మెరుగైంది హనీవెల్ పీటీఎం7950 అనే ఫేజ్ చేంజ్ షీటు. ఇది 45 డిగ్రీల దగ్గర మెత్తబడి చిప్ గరుకుల్లోకి సర్దుకుంటుంది, పక్కలకు జారిపోవడం చాలా తక్కువ. రెండు వైపులా పల్చటి ఫిల్ములుంటాయి, రెండూ తీయాలి. షీటును కొద్ది నిమిషాలు ఫ్రీజర్‌లో ఉంచితే ఫిల్ము చిరగకుండా వస్తుంది. పేస్ట్ బదులు వాడే ద్రవ లోహం, అంటే లిక్విడ్ మెటల్ జోలికి వెళ్లొద్దు. అందులోని గాలియం అల్యూమినియాన్ని తినేస్తుంది, ఒక్క బొట్టు పక్కనున్న కెపాసిటర్ల మీద పడితే షార్టై మొదటికే మోసం వస్తుంది. మీ మోడల్‌కు కంపెనీయే లిక్విడ్ మెటల్ వేసి ఉందేమో హీట్‌సింక్ తీసేముందే తెలుసుకోండి.

హీట్‌సింక్ స్క్రూల పక్కన 1, 2, 3 అని అంకెలుంటాయి. విప్పేటప్పుడు పెద్ద అంకెనుంచి, బిగించేటప్పుడు చిన్న అంకెనుంచి, ఒక్కోటి ఒకేసారి బిగించెయ్యకుండా రెండు మూడు విడతల్లో. పాత పేస్ట్‌ను 90 శాతానికి పైబడిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. కొత్త పేస్ట్ చిప్ నాలుగు మూలలూ కప్పేలా పల్చగా పరవండి. మధ్యలో బఠాణీ గింజంత పెట్టి వదిలేసే పద్ధతి పొడవాటి ల్యాప్‌టాప్ చిప్‌లకు కుదరదు, మూలలు పొడిగా మిగులుతాయి.

పేస్ట్ మార్చాక వేడి ఇంకా పెరిగిందని వచ్చే ఫిర్యాదుల్లో నేను మొదట అడిగేది థర్మల్ ప్యాడ్‌ల గురించి. గ్రాఫిక్స్ మెమరీ మీద, పవర్ కాయిల్స్ మీద ఉండే ఆ మెత్తటి పట్టీలు చోటునుబట్టి 0.5, 1, 1.5, 2 మి.మీ. మందాల్లో ఉంటాయి. 1 ఉండాల్సిన చోట 1.5 పెడితే హీట్‌సింక్ ఆ వైపు ఎత్తబడి చిప్‌కు సరిగ్గా ఆనదు. తక్కువ మందం పెడితే కింది భాగం గాలికి వదిలేసినట్టే. ఆ పవర్ భాగాల వేడిని చూపే సెన్సర్ చాలా ల్యాప్‌టాప్‌లలో ఉండదు. తెర మీద అన్ని అంకెలూ మామూలుగా ఉండి కూడా మెషీన్ ఆరిపోవడానికి ఇదొక కారణం. పాత ప్యాడ్ చిరగకపోతే దాన్నే ఉంచండి. చిరిగితే నొక్కుడు పడని అంచు దగ్గర మందం కొలిచి తీసుకోండి, లేదా ఎంత సందుంటే అంతకు సర్దుకునే థర్మల్ పుట్టీ వాడండి.

పేస్ట్ కొత్తది, ప్యాడ్‌లు సరైనవి, ఫ్యాన్లు జోరుగా తిరుగుతున్నాయి, అయినా సెకన్లలో 100. అప్పుడు లోడ్ మీద ఫ్యాన్ గాలి బయటికొచ్చే చోట చెయ్యి పెట్టండి. చిప్ మరుగుతుంటే అక్కడ గాలి చల్లగా వస్తోందంటే వేడి రేకులదాకా చేరడం లేదు. ఒత్తిడి సరిగ్గా ఉందని మళ్లీ చూసుకున్నాక కూడా అంతే అయితే చిప్ వేడిని రేకులకు మోసే హీట్‌పైపు లోపలి ద్రవం పోయినట్టు. దానికి రిపేరు లేదు, హీట్‌సింక్ మొత్తం మార్చాలి.

అన్నీ బాగున్నా వేడి ఇంకొంచెం తగ్గించాలంటే అన్నిటికంటే తేలికైంది ఫ్రేము రేటుకు హద్దు పెట్టడం. ఆటను 140 ఫ్రేముల దగ్గర పరుగెత్తించే బదులు 60 కో 90 కో కట్టేస్తే చిప్‌ల వాట్లు గణనీయంగా పడతాయి. గ్రాఫిక్స్ చిప్‌ను ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే ప్రోగ్రామ్‌లోని వోల్టేజీ కర్వ్‌తో అండర్‌వోల్ట్ చేయడమూ మంచిదే, 25 మిల్లీవోల్ట్‌ల చొప్పున దిగుతూ ప్రతి మెట్టు దగ్గరా అరగంట ఆడి చూడాలి. ప్రాసెసర్ అండర్‌వోల్టింగ్‌ను మాత్రం 2019 డిసెంబరులో ప్లండర్‌వోల్ట్ అనే భద్రతా లోపం బయటపడ్డాక చాలా ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో బయోస్ స్థాయిలోనే మూసేశారు. కూలింగ్ ప్యాడ్ మీద పెద్ద ఆశలు వద్దు. వెనక భాగాన్ని రెండు మూడు సెంటీమీటర్లు ఎత్తిపెడితే దాని లాభంలో చాలామటుకు ఊరికే వస్తుంది.

ఇవన్నీ దాటాక కూడా, వేడి మామూలుగా ఉండి, మంచి అడాప్టర్ పెట్టినా దాని లైటు ఆరిపోతూనే ఉంటే, అది బోర్డు మీది మాస్‌ఫెట్‌దో (కరెంటును నియంత్రించే చిన్న స్విచ్) కెపాసిటర్‌దో పని. ఇంట్లో చేసేది కాదు. చిప్ స్థాయిలో బోర్డు రిపేరు చేసేవారికి ఇవ్వండి. ఇచ్చేటప్పుడు "వేడెక్కి ఆఫ్ అవుతోంది" అని మాత్రం చెప్పకండి, అలా చెబితే పేస్ట్ మార్చి తిరిగి చేతిలో పెడతారు. లాగ్ ఫైలు చూపించి, ఏ టెస్ట్‌లో ఎన్నో నిమిషానికి ఆరిందో, ఆరినప్పుడు అడాప్టర్ లైటు ఏమైందో చెప్పండి. తిరిగి తీసుకునేటప్పుడు రెండు లోడ్‌లూ కలిపిన టెస్ట్ అక్కడే వారి ముందే అరగంట నడిపించి చూసుకోండి.