చిన్న కారు మైలుకి ఎంత తింటుంది?

ప్రశ్న: అన్నగారూ, హెచ్‌1బీ మీద డల్లాస్ వచ్చి ఐదు నెలలైంది. ఇర్వింగ్‌లో ఉంటున్నాం, ఆఫీసు ప్లేనోలో. రానూపోనూ రోజుకి 40 మైళ్లు. ఇన్నాళ్లూ స్నేహితుడి కార్లో వెళ్తున్నాను, ఇంకా మొహమాటం పెట్టలేను. కొత్త చిన్న కారు కొనాలనుకుంటున్నాను. మామూలు టయోటా కొరోల్లా తీసుకోనా, పెట్రోలు ఇంజనుతో పాటు కరెంటు మోటారు కూడా ఉండే హైబ్రిడ్ తీసుకోనా? హైబ్రిడ్‌కి ఎక్కువ పెట్టినా మైలేజీలో వెనక్కి వచ్చేస్తుందంటున్నారు. నిజమేనా?

జవాబు: ముందు ఆ మైలేజీ అనే మాట సంగతి చూద్దాం. 2007లో నేను వచ్చిన కొత్తలో ఒకాయన కారు అమ్ముతూ “లో మైలేజ్ బండి, కళ్లు మూసుకుని తీసుకో” అన్నాడు. తక్కువ మైలేజీ ఇచ్చే బండి గురించి ఇంత గొప్పగా చెప్తాడేమిటా అని తెల్లబోయాను. ఇక్కడ ‘లో మైలేజ్’ అంటే తక్కువ తిరిగిన బండి అని రూమ్మేట్ చెప్పేదాకా తెలీదు. మనం మైలేజీ అనేదాన్ని వీళ్లు ఎంపీజీ అంటారు, అంటే గ్యాలన్‌కి ఎన్ని మైళ్లు అని. దాన్ని 0.425తో గుణిస్తే లీటరుకి కిలోమీటర్లు వస్తాయి. మామూలు కొరోల్లాకి ప్రభుత్వ లెక్క ప్రకారం 35, అంటే లీటరుకి 15 కిలోమీటర్లు. హైబ్రిడ్‌కి 50, అంటే 21. “ఇంతేనా, మా నాన్న మారుతి 20 ఇచ్చేది” అని మీకు అనిపిస్తే తప్పు లేదు. నాకూ అనిపించింది.

హైదరాబాద్‌లో లీటరు పెట్రోలు వంద రూపాయలు దాటి ఏళ్లయింది. అక్కడి జీతాలకి ‘మైలేజీ ఎంతిస్తుంది’ అని ముందు అడగడమే సరైన ప్రశ్న. ఆ అలవాటు ఇక్కడికీ వెంట తెచ్చుకుంటాం. ఒకసారి లెక్క వేయండి. ఆఫీసు, గుడి, కిరాణా కలిపి మీరు ఏడాదికి 12,000 మైళ్లు తిరుగుతారనుకుందాం. గ్యాలన్ 3 డాలర్లు అనుకుందాం. 35 ఎంపీజీ బండికి 343 గ్యాలన్లు పడుతుంది, 1,029 డాలర్లు. 50 ఎంపీజీ బండికి 240 గ్యాలన్లు, 720 డాలర్లు. తేడా 309 డాలర్లు, నెలకి పాతిక. ఇద్దరు బిర్యానీకి వెళ్తే అయిపోయే డబ్బు.

ఎంపీజీలో ఇంకో మాయ ఉంది. 25 నుంచి 35కి వెళ్తే పెరిగింది పది, 35 నుంచి 50కి వెళ్తే పదిహేను. రెండోదే ఎక్కువ లాభం అనిపిస్తుంది. కానీ 12,000 మైళ్లకి మొదటి మార్పు 137 గ్యాలన్లు మిగిలిస్తుంది, రెండోది 103 మాత్రమే. అసలు లాభమంతా పెద్ద ఎస్‌యూవీ ఆలోచన మానేసి చిన్న సెడాన్ దగ్గర ఆగినప్పుడే వచ్చేసింది. అక్కడి నుంచి హైబ్రిడ్‌కి వెళ్లడం మంచిదే, కానీ అది పాయసం మీద జీడిపప్పు.

నేను చూసినప్పుడు ఒకే ట్రిమ్‌లో, అంటే ఒకే స్థాయి మోడల్‌లో, మామూలుదానికీ హైబ్రిడ్‌కీ ధరలో తేడా సుమారు 1,500 డాలర్లు ఉంది. ఏడాదికి 309 చొప్పున దాదాపు ఐదేళ్లకి తీరుతుంది. అంటే ఆరో ఏడు నుంచి లాభం. మూడేళ్లకి అమ్మేస్తే లాభం మాట మరచిపోవడమే, రీసేల్‌లో కొంత వస్తే వస్తుంది. ఇంకో సంగతి, కొరోల్లా హైబ్రిడ్‌కి ఊళ్లో 53, హైవే మీద 46 ఇస్తారు. సిగ్నళ్ల దగ్గర ఆగుతూ తిరిగేవాళ్లకి ఎక్కువ మిగులుతుంది, టోల్ రోడ్డు మీద గంటకి 75 మైళ్ల వేగంతో పోయేవాళ్లకి తక్కువ.

టోల్ అంటే గుర్తొచ్చింది, మీ అసలు ఖర్చు ఇక్కడుంది. మన వైపు టోల్ రోడ్ల మీద ట్యాగ్ ఉన్నవాళ్లకే మైలుకి 20 సెంట్లు దాటింది. ట్యాగ్ లేకుండా ఇంటికి బిల్లు వచ్చేలా వెళ్తే ఇంకా ఎక్కువ. మీ 35 ఎంపీజీ బండికి పెట్రోలు మైలుకి తొమ్మిది సెంట్లు కూడా కాదు. రోజూ 30 మైళ్లు టోల్ మీద వెళ్తే రోజుకి ఆరు డాలర్లు, ఏడాదికి 230 పనిదినాలనుకుంటే 1,380. ఏడాది మొత్తం పెట్రోలు కన్నా ఎక్కువ! రెండు ఇరుసుల బండి ఏదైనా టోల్ ఒకటే, చిన్న కారని తగ్గించరు. వారంలో రెండు రోజులు ఓపిక చేసుకుని 635, 75 నంబరు హైవేల మీదుగా ఉచితంగా వెళ్లినా హైబ్రిడ్ మిగిల్చేదాన్ని మించే మిగులుతుంది. ట్రాఫిక్‌లో నరకం కనిపిస్తుంది, అది వేరే విషయం.

ఇక అప్పు. కొత్తగా వచ్చినవాళ్లని నిజంగా ముంచేది ఇదే. ఐదు నెలల క్రెడిట్ హిస్టరీకి, అంటే అప్పులు, కార్డు బిల్లులు కట్టిన చరిత్రకి, తక్కువ వడ్డీకి అప్పు ఎవరూ ఇవ్వరు. 24,000 డాలర్లు ఐదేళ్లకి 7 శాతానికి తీసుకుంటే వడ్డీ 4,514 అవుతుంది. అదే 12 శాతానికి 8,032. మూడున్నర వేలు తేడా! ఆ డబ్బు హైబ్రిడ్ మీకు పెట్రోల్లో మిగల్చడానికి పదకొండేళ్లు పడుతుంది. అందుకే మైలేజీ గురించి నెలరోజులు చదివి, వడ్డీ శాతం దగ్గర ఐదు నిమిషాల్లో సంతకం పెట్టేవాళ్లని చూస్తే నాకు కడుపు రగులుతుంది. నేనూ ఆ బాపతే లెండి. 2016లో రెండో కారు కొన్నప్పుడు డీలర్ షాపులో “నెలకి ఎంత కట్టగలరు?” అని ఎంతో మర్యాదగా అడిగాడు. నేను ఒక అంకె చెప్పాను. సరిగ్గా ఆ అంకెకే కాగితాలు వచ్చాయి. ఇంటికొచ్చి చూస్తే 60 నెలలది 72 అయింది, మధ్యలో పెయింట్ ప్రొటెక్షన్ అనీ అదీ ఇదీ కలిపేశారు. మా ఆవిడ ఆ కాగితాలు ఫ్రిజ్ మీద అంటించింది, ఏడాది పాటు తీయలేదు. వాళ్లు నెలకి ఎంత అని అడిగితే మీరు పన్నుతో కలిపి మొత్తం ఎంత, వడ్డీ ఎంత, ఎన్ని నెలలు అనే అడగండి. ఇంటి దగ్గర క్రెడిట్ యూనియన్‌లో (సభ్యులే నడుపుకునే బ్యాంకు లాంటిది) ముందే లోన్ అప్రూవల్ తీసుకుని వెళ్తే బేరానికి ఊపు ఉంటుంది. టెక్సస్‌లో బండి మీద సేల్స్ ట్యాక్స్ 6.25 శాతం, 24,000కి 1,500. హైబ్రిడ్‌కి ఎక్కువ పెట్టే డబ్బంత, కానీ దాని గురించి ఎవరూ మాట్లాడుకోరు.

ఇన్సూరెన్స్ సంగతి. లోన్ ఉంటే బ్యాంకు ఫుల్ కవరేజీ తీసుకోమంటుంది. మన ఊరి వడగళ్లు చూశాక లోన్ లేకపోయినా కొత్త బండికి కాంప్రహెన్సివ్ (వడగళ్లు, దొంగతనం లాంటి నష్టాలకి ఇచ్చే ఇన్సూరెన్స్) లేకుండా నేను నిద్రపోను. ఇండియాలో పదేళ్లు నడిపినా ఇక్కడ చాలా కంపెనీల లెక్కలో మీరు నిన్న స్టీరింగ్ పట్టినవాళ్లే, ప్రీమియం అలాగే ఉంటుంది. చిన్న కారుకి ప్రీమియం తక్కువ అనే నమ్మకం ఒకటుంది, అది ప్రతిసారీ నిజం కాదు. 2011 నుంచి 2022 దాకా వచ్చిన కొన్ని హ్యుందాయ్, కియా చవక మోడళ్లలో దొంగతనం ఆపే ఇమ్మొబిలైజర్ లేదు. దొంగతనాలు ఎంత పెరిగాయంటే 2023లో స్టేట్ ఫార్మ్, ప్రోగ్రెసివ్ కొన్ని నగరాల్లో వాటికి కొత్త పాలసీలు ఇవ్వడం ఆపేశాయి. తర్వాత తయారీ కంపెనీలు ఉచితంగా సాఫ్ట్‌వేర్ మార్చి ఇచ్చాయి. సెకండ్ హ్యాండ్‌లో అలాంటిది చవగ్గా దొరికితే, ఆ మార్పు చేయించారా లేదా కనుక్కోకుండా అడ్వాన్స్ ఇవ్వకండి. ఏ బండైనా నచ్చగానే దాని విన్ నంబర్‌తో (ఒక్కో బండికీ ఒక్కటే ఉండే గుర్తింపు నంబరు) మూడు చోట్ల ఇన్సూరెన్స్ కోట్ అడగండి. నచ్చిన రెండు బండ్ల మధ్య ప్రీమియం తేడా ఒక్కోసారి పెట్రోలు తేడాని మింగేస్తుంది.

వీటన్నిటికన్నా పెద్దది చేతి నుంచి నోటు కదలకుండా పోయే ఖర్చు, తరుగుదల. అంటే బండి పాతబడే కొద్దీ తగ్గే ధర. ట్రిపుల్ ఏ అనే అమెరికా వాహనదారుల సంస్థ 2024లో వేసిన లెక్కలో కొత్త బండికి ఏడాదికి 15,000 మైళ్ల చొప్పున ఐదేళ్లు తిప్పితే సగటున ఏడాదికి 12,297 డాలర్లు తేలింది. అందులో అన్నిటికన్నా పెద్ద వాటా తరుగుదలదే, పెట్రోలుది కాదు. అది అన్ని రకాల బండ్ల సగటు, చిన్న సెడాన్‌కి బాగా తక్కువ అవుతుంది. అయినా వరస మాత్రం అదే.

నా మొదటి కారు లెక్కలు ఇప్పటికీ ఒక నోటు పుస్తకంలో ఉన్నాయి. 2003 కొరోల్లా, 61,000 మైళ్లు తిరిగింది, ఇండియా వెళ్లిపోతున్న ఒక తెలుగాయన దగ్గర 7,200కి కొన్నాను. తొమ్మిదేళ్లు వాడి, 1,68,000 మైళ్ల దగ్గర చదువుకోవడానికి వచ్చిన ఒక కుర్రాడికి 2,400కి ఇచ్చేశాను. తరిగింది 4,800. ఇన్సూరెన్స్ 8,900. రిపేర్లు, టైర్లు, ఆయిలు, మూడు బ్యాటరీలు, ఒక ఏసీ కంప్రెసర్ కలిపి 6,100. రిజిస్ట్రేషన్, తనిఖీలు 800. పెట్రోలు 10,600. మొత్తం 31,200, మైలుకి 29 సెంట్లు. చూశారా, ఈ లెక్కలో పెట్రోలే పెద్దది. కొత్త బండి మొదటి ఐదేళ్లలో మామూలుగా తరుగుదలే మొదటి స్థానంలో ఉంటుంది, పెట్రోలు కాదు. పెట్రోలు మొదటి స్థానానికి వచ్చిందంటే మిగతావన్నీ సన్నబడ్డాయన్నమాట. చిన్న కారు కొన్నవాళ్లు కోరుకోవాల్సింది ఆ రోజు. మైలేజీ లెక్క అసలు పనికొచ్చేది కూడా అప్పుడే.

ఆ రోజు దాకా బండి బతకాలి కదా. చాలా చిన్న కార్లలో ఇప్పుడు సీవీటీ గేరుబాక్సే వస్తోంది, అంటే మెట్లు మెట్లుగా గేర్లు మారని ఆటోమేటిక్. దాని ఆయిలు ‘లైఫ్‌టైమ్’ అని సేల్స్‌మన్ చెప్తే నవ్వి ఊరుకోండి. మా మెకానిక్ 60,000 మైళ్లకి మార్చమంటాడు, నేను మారుస్తాను. గేరుబాక్సు పోతే పాత చిన్న కారు ధరలో సగం ఎగిరిపోతుంది. టైర్లు చూసి ట్రిమ్ ఎంచుకోండి. అందం కోసం 18 అంగుళాల చక్రాలున్న పై మోడల్ తీసుకుంటే టైర్లు మార్చిన ప్రతిసారీ ఆ అందానికి అద్దె కట్టాలి. ఇక్కడి ఎండలకి మామూలు బ్యాటరీ మూడు నాలుగేళ్లకి మించి రాదు. పంపు దగ్గర ఖరీదైనది మంచిదనుకుని ప్రీమియం నొక్కేవాళ్లున్నారు, మాన్యువల్‌లో 87 ఆక్టేన్ అని ఉంటే 87, అంటే మామూలు పెట్రోలే చాలు.

హైబ్రిడ్ బ్యాటరీ భయం పెట్టుకోకండి. 2020 మోడల్ నుంచి టయోటా దానికి పదేళ్లు లేదా 1,50,000 మైళ్లు వారంటీ ఇస్తోంది. కానీ వెనక సీటు పక్కన ఆ బ్యాటరీకి గాలి వెళ్లే జాలీ ఒకటుంటుంది. దాని ముందు డైపర్ సంచులు, బియ్యం బస్తాలు పెట్టి మూసేయకండి, లోపలి ఫిల్టరు అప్పుడప్పుడు శుభ్రం చేయించండి. బ్రేక్ ప్యాడ్లు మాత్రం హైబ్రిడ్‌లో ఎక్కువ కాలం వస్తాయి, వేగం తగ్గించే పని చాలావరకు మోటారే చేస్తుంది కాబట్టి.

మీ ప్రశ్నకి నా మాట ఇది. ఇప్పుడే కొత్తది వద్దు. మూడు నాలుగేళ్ల మామూలు కొరోల్లానో హోండా సివిక్‌నో చూడండి, కొనేముందు అమ్మేవాళ్లతో సంబంధం లేని మెకానిక్‌కి డబ్బిచ్చి తనిఖీ చేయించండి. ఈ రెండూ పాతబడినా ధర అంతగా పడవు, ఒక్కోసారి కొత్తదానికీ వాటికీ తేడా మరీ తక్కువగా ఉంటుంది. అలా ఉండి, వడ్డీ 7 శాతం దగ్గర దొరికి, పదేళ్లు ఉంచుకుంటారంటే అప్పుడు కొత్త హైబ్రిడ్ తీసుకోండి, నేను అడ్డుచెప్పను. పన్నెండు శాతమంటే మాత్రం ఇంకో ఆరు నెలలు క్రెడిట్ కార్డు బిల్లు టైముకి కడుతూ ఆ స్నేహితుడికే పెట్రోలు డబ్బులివ్వండి.

మీ ఇంట్లో ఆవిడ నడుపుతారో లేదో రాయలేదు. నడిపేటట్టయితే ఇక్కడి లైసెన్సు ఇప్పుడే తీసుకోమనండి, పాలసీలో ఆవిడ పేరు మొదటి రోజే చేర్చండి. టెస్ట్ డ్రైవ్‌కి కూడా ఆవిడని తీసుకెళ్లండి. మా ఇంట్లో రెండో కారు సీటు మా ఆవిడకి ఈనాటికీ సరిపోలేదు.